బాస్ బానే ఉంది, చెవిలో కూర్చుంటుందా?

మా ఆఫీసులో చెవుల్ని చూసి జీతం చెప్పేయొచ్చు. చెవిలోంచి తెల్ల కాడలు వేలాడుతుంటే లీడు, మెడచుట్టూ పట్టీ ఉంటే నాలుగైదేళ్ళ అనుభవం, తీగ కనబడిందంటే మొన్న మొన్న చేరిన ట్రైనీ అన్నమాట. నేను ట్రైనీని కాను గానీ నాకు తీగే. అంచేత వారానికొకరైనా ఆగి "ఏంటి బాసూ, ఇంకా వైరేనా?" అని పరామర్శిస్తుంటారు. ఆ వెంటనే రెండో ప్రశ్న: "నాలుగొందల ఇయర్‌ఫోన్‌లో సౌండేం వస్తుంది చెప్పు?"

ఊరెళ్తే ఇదే మాట తిరగేసి వినబడుతుంది. "నాలుగొందలకి ఇంకేం కావాలన్నా? పోతే ఇంకోటి కొనుక్కుంటాం." ఇది మా బాబాయి కొడుకు మాట, వాడి హాస్టలు మిత్రుల మాట, వాళ్ళకి అమ్మే కొట్టాయన మాట కూడానూ.

పైకి రెండూ ఎదురెదురుగా నిలబడ్డ మాటల్లా ఉంటాయి గానీ లోపల ఒకటే. చవక వస్తువుని పరీక్షించి చూడాల్సిన పనేం లేదని ఇద్దరి ఉద్దేశమూను. ఒకాయన ఎలాగూ అది చెత్తే అంటాడు, ఇంకొకాయన ఎలాగూ అది పోయేదే అంటాడు. నా గొడవంతా ఇక్కడే. ఇరవై వేల ఇయర్‌బడ్స్ కొనేవాడు ఏసీ గదిలో కూర్చుని గంటసేపు మీటింగు వింటాడు. నాలుగొందలది కొనేవాడు రైల్లో, బస్సులో, హాస్టలు గదిలో రోజుకి అయిదారు గంటలు చెవిలో పెట్టుకుని తిరుగుతాడు. ఎవరి వస్తువుని ఎక్కువ జాగ్రత్తగా తూచాలి?

తూచేటప్పుడు కూడా మనవాళ్ళు తప్పు వైపునుంచి మొదలెడతారు. మొదటి ప్రశ్న "బాస్ ఎలా ఉంది?" అసలు మొదట అడగాల్సింది అది చెవిలో సరిగ్గా కూర్చుంటుందా అని. తర్వాత, ఎక్కడ తెగుతుంది, తెగితే బాగవుతుందా అని. శబ్దం ఎలా ఉంది అన్నది మూడోది. ఇదేంటి, పాటలు వినే వస్తువుకి శబ్దం మూడోదా అని మీరనొచ్చు. అవును, మూడోదే. ఎందుకో చెప్తాను.

మాది తెనాలి. ఇంజనీరింగు బాపట్లలో. అమ్మమ్మగారిది రేపల్లె. ఈ ముక్కోణంలో నేను తిరిగినన్ని రోజులు హైదరాబాదు మెట్రోలో కూడా తిరగలేదు. తెనాలి నుంచి బాపట్ల మెయిన్ లైను మీద నలభై చిల్లర కిలోమీటర్లు. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటుకుంటూ పోవాలి. తెనాలి నుంచి రేపల్లెకి వేరే బ్రాంచి లైను, వేమూరు, భట్టిప్రోలు మీదుగా ఓ 34 కిలోమీటర్లు. ఇయర్‌ఫోన్లని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడా ఉండదని నా అభిప్రాయం. ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన చక్రాల మోత, పక్క సీటాయన ఫోన్లో స్పీకరు పెట్టి వినే వార్తలు, పల్లీలవాడి కేక, ఎండాకాలం కారే చెమట, బాపట్ల దాటి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక బీచిలో ఉప్పుగాలి. ఒక్కదానికీ రివ్యూల్లో చోటుండదు. రివ్యూ చేసేవాడు గదిలో టేబుల్ మీద పెట్టి, పెట్టె విప్పి, మూడు రోజులు విని పదికి ఎనిమిదిన్నర వేసేస్తాడు. మనం స్మోక్ టెస్ట్ చూసి రిలీజుకి సంతకం పెట్టం కదా, మరి ఇక్కడ ఎందుకు పెడుతున్నాం?

ముందు శబ్దం సంగతి తేల్చేస్తే మిగతా రెండింటికీ తీరిగ్గా రావొచ్చు.

ధర పెరిగినకొద్దీ శబ్దం బాగుంటుందన్న నమ్మకానికి కొలతల్లో ఆధారం దొరకలేదు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని, వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్సుకీ అమ్మకం ధరకీ ఏమైనా సంబంధం ఉందేమోనని చూశాడు. అందులో చెవిలో దూర్చేవీ ఉన్నాయి, చెవిని కప్పేవీ ఉన్నాయి. చెప్పుకోదగ్గ సంబంధమేమీ కనబడలేదు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది కూడా ఏమీ లేదు. ఇయర్‌ఫోన్ లోపల ఉండేది ఏముంది గనక? సన్నటి పొర, దానికి అంటించిన తీగ చుట్ట, ఒక అయస్కాంతం, ముందూ వెనకా గాలి వెళ్ళడానికి చిన్న చిన్న కంతలు. పది మిల్లీమీటర్ల పొరని లక్షల్లో గుద్దే ఫ్యాక్టరీకి అది ఖరీదైన పని కాదు. ఖరీదైనది దాన్ని ఎలా ట్యూన్ చెయ్యాలో తెలిసిన మనిషి. ఆ తెలివి కూడా ఇప్పుడు చవకైంది. షాన్ ఆలివ్ బృందం హర్మన్ కంపెనీలో ఏళ్ళ తరబడి జనాన్ని కూర్చోబెట్టి ఎక్కువమందికి ఏ ట్యూనింగు నచ్చుతుందో తేల్చి పేపర్లుగా అచ్చేసింది. చైనా చిన్న కంపెనీలు దాన్ని చదువుకున్నాయి, కొలిచే పరికరాల నకళ్ళూ తయారయ్యాయి. 2022లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో వంటివి ఇరవై డాలర్ల ప్రాంతంలో వచ్చి, దానికి పదింతలు పెట్టి కొన్నవాళ్ళని కాస్త ఇబ్బంది పెట్టాయి. నాలుగొందల సరుకు అంతటిది కాదు, ఒప్పుకుంటాను. కానీ తేడా మనవాళ్ళు ఊహించుకున్నంతా లేదు.

ఉన్న తేడా ఎక్కడుంటుందంటే, బాస్‌లో ఉండదు, గొంతులో ఉంటుంది. చవక ఇయర్‌ఫోన్లలో బాస్ లోపించడం అరుదు, పొంగిపోవడమే జబ్బు. ఎందుకంటే కొట్టులో అమ్ముడుపోయేది అదే. గాజు బీరువా మీద పెట్టి, ఫోనుకి తగిలించి, ఒక డీజే పాట ఇరవై సెకన్లు వినిపిస్తారు. గుండెల్లో దడ పుడితే అమ్మకం ఖాయం. అదే బాస్ గంటసేపు వింటే పైనున్న మాటల మీద దుప్పటి కప్పినట్టుంటుంది. కింది స్థాయి మోత ఎక్కువైనప్పుడు దాని పైనున్న శబ్దాలు చెవికి ఆనవు. మా రైలు మోత చేసే పని కూడా ఇదే. ఒక మోతని కొట్టడానికి ఇంకో మోత కొనుక్కుంటున్నామన్నమాట.

నేను పరీక్షకి వాడేది ఎప్పుడూ మనిషి గొంతే. దానికి దూరం పోనక్కర్లేదు, మా ప్రాంతంలోనే సరంజామా ఉంది. ఎస్. జానకి పుట్టింది రేపల్లె తాలూకా పల్లపట్లలో, 1938లో. 1962లో వచ్చిన మురిపించే మువ్వలు సినిమాలో ఆవిడ నాదస్వరంతో పోటీపడి పాడిన పాట తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ఆ నాదస్వరం కారుక్కురిచ్చి అరుణాచలం గారిది. ఇయర్‌ఫోన్ గుట్టు విప్పడానికి ఇంతకు మించిన పాట నాకు కనబడలేదు. మన చెవి కాలువ సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు. అంత పొడవు గొట్టం మూడువేల హెర్ట్జ్ చుట్టుపక్కల సహజంగా మోగుతుంది. చెవిలో దూర్చే ఇయర్‌ఫోను ఆ సహజమైన మోతని చెడగొడుతుంది కాబట్టి తయారుచేసేవాడు అక్కడ లెక్కగట్టి కొంత తిరిగి కలపాలి. తక్కువ కలిపితే జానకి పక్కగదిలోంచి పాడుతున్నట్టుంటుంది, ఎక్కువ కలిపితే నాదస్వరం సూదిలా గుచ్చుతుంది. గొంతు దగ్గరగా ఉండి, నాదస్వరం పైకెక్కినప్పుడు మీరు కళ్ళు చికిలించకపోతే ఆ ఇయర్‌ఫోను పాసయినట్టే.

ఇంకో లాభం కూడా ఉంది. ఆ కాలం పాటలు మోనోలో రికార్డయినవి. తర్వాత ఎవరూ చెయ్యిపెట్టి స్టీరియో చెయ్యని కాపీ వింటే గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఎడమకో కుడికో ఒరిగిందంటే రెండువైపులా డ్రైవర్లు సమానంగా లేవు, లేదా ఒకవైపు చెవిలో సరిగ్గా కూర్చోలేదు. చవక సరుకులో ఈ ఎడమ కుడి తేడా చాలా మామూలు, రివ్యూల్లో మాత్రం ఎవరూ రాయరు.

మగగొంతుకి జగ్గయ్య. ఆయనదీ తెనాలి దగ్గర మోరంపూడే. ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన గొంతు, శివాజీ గణేశన్‌కి తెలుగులో అరువిచ్చిన గొంతు. ఆ కంచు గంభీరంగా వినబడాలిగానీ డ్రమ్ములోంచి మాట్లాడుతున్నట్టు కాకూడదు. బాస్ పొంగిన ఇయర్‌ఫోన్లో ఆయన ప్రతి మాటకీ వెనకాల ఒక హూంకారం అదనంగా చేరుతుంది.

పాటలు విననివాళ్ళు కూడా గొంతు సంగతి పట్టించుకోవాల్సిందే. స కీ ఫ కీ తేడా చెవికి తెలిసేది పై ఫ్రీక్వెన్సీల్లోనే. అవి కోసేసిన ఇయర్‌ఫోన్లో క్లయింటుతో మాట్లాడుతూ మెయిలైడీ చెప్పే కష్టం మనందరికీ తెలిసిందే, "ఎఫ్ ఫర్ ఫాదర్, ఎస్ ఫర్ షుగర్" అని భజన చేస్తుంటాం. మా తమ్ముడు గేట్ కోచింగు క్లాసులు ఆన్‌లైన్లో వింటాడు. మాట స్పష్టంగా లేక అదే అయిదు నిమిషాల ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పి వింటుంటే చూశాను. వాడి దృష్టిలో సారుకి మాట స్పష్టత లేదు. సారుకి అన్నీ ఉన్నాయి, వీడి చెవిలోదే 'ఎక్స్‌ట్రా బాస్'.

సరే, శబ్దం అయింది. ఇప్పుడు అసలు విషయం.

ఇయర్‌ఫోన్ చెవి కాలువని మూసేస్తేనే పనిచేస్తుంది. చిన్న పొర అంత బాస్ ఇవ్వగలగడానికి కారణం, దానికీ కర్ణభేరికీ మధ్య చిక్కుకున్న చిటికెడు గాలి. సీసాకి మూత సరిగ్గా పెట్టకపోతే సోడా గ్యాసు పోయినట్టు, సిలికాన్ టిప్పు పక్కన సన్నటి సందు ఉన్నా బాస్ మొత్తం అక్కడినుంచి జారిపోతుంది. మిగిలేది పీలగా, కీచుగా ఉండే పై శబ్దం. ఇదే ఇయర్‌ఫోను మీ చెవిలో మోగి నా చెవిలో మోగకపోవడానికి కారణం ఇదే. రివ్యూ రాసినవాడి చెవి మీ చెవి కాదు. "బాస్ లేదు, వేస్ట్" అని ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళలో ఎంతమంది పెట్టెలోని చిన్నా పెద్దా టిప్పులు మార్చి చూశారో అడగండి. ఆ ప్లాస్టిక్ సంచి విప్పకుండానే పెట్టెతో పాటు పారేసినవాళ్ళే మా వాళ్ళలో ఎక్కువ. పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఎం సైజు తగిలించి ఉంటుంది, చచ్చేదాకా అదే ఉంటుంది. చొక్కా అయితే ట్రయల్ రూములో నాలుగుసార్లు వేసి చూస్తాం మళ్ళీ!

పైగా రెండు చెవులూ ఒకటి కావు. నాకు కుడివైపు ఎం, ఎడమవైపు ఎస్. ఇది చెప్తే నవ్వుతారుగానీ, ఒకసారి అద్దం ముందు నిలబడి చూసుకోండి. పరీక్ష తేలిక. పెట్టుకుని, పాట ఆపి, దవడ అటూ ఇటూ ఆడించండి. ఇంకా మంచిది, మిరపకాయ బజ్జీ ఒకటి తినండి. నమిలేటప్పుడు బాస్ వచ్చి పోతూ ఉంటే సీలు నిలవట్లేదు. పాట ఆపాక బయటి మోత ఒక మెట్టు తగ్గి, మీ అడుగుల చప్పుడు మీకే తలలో ధన్ ధన్ మంటే సీలు బాగుంది. 2019లో బ్లాన్ బీఎల్-03 అని ఒకటొచ్చింది. దాని శబ్దాన్ని అందరూ ఎత్తుకుని ఆడించారు, కానీ గొట్టం మరీ పొట్టి. కంపెనీ ఇచ్చిన టిప్పులతో చాలామంది చెవుల్లో నిలవలేదు, విడిగా టిప్పులు కొని తగిలించుకున్నాక గానీ ఆ పొగిడిన శబ్దం వినబడలేదు. రెండున్నర వేల వస్తువు గతి వంద రూపాయల రబ్బరు ముక్క మీద ఆధారపడింది!

ఇది కేవలం బాస్ గొడవే అయితే నేనింత గొంతు చించుకోను. సీలు లేనప్పుడు జరిగేది ఏంటంటే, రైలు మోత లోపలికి వస్తుంది, బాస్ బయటికి పోతుంది, మనిషి వాల్యూమ్ పెంచుతాడు. తెనాలిలో ఎక్కినప్పుడు సగంలో ఉన్న వాల్యూమ్ వేమూరు దాటేసరికి చివరికంటా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. 100 అయితే 20 నిమిషాలు. మళ్ళీ చదవండి, రోజుకి కాదు, వారానికి. పది డెసిబెల్స్ పెరిగితే గడువు పదోవంతుకి పడిపోతోంది. ఫోను పూర్తి వాల్యూమ్‌లో ఆ పై అంకెలు చేరడం ఇయర్‌ఫోన్లకి కష్టమేమీ కాదు. రోజూ బాపట్ల కాలేజీకి రైల్లో వెళ్ళొచ్చే కుర్రాడికి వారం కోటా సోమవారమే అయిపోవచ్చు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు, వాటికి రోల్‌బ్యాక్ లేదు.

అందుకే కూర్చోవడం మొదటిది అన్నాను. శబ్దం బాగోకపోతే పాట పాడవుతుంది, కూర్చోకపోతే చెవి పాడవుతుంది. (అలాగని సీలు బాగున్నవాటిని బండి మీద పెట్టుకోకండి. రైలు పట్టాలు దాటేటప్పుడు అసలొద్దు. వెనక హారన్ వినబడకుండా చెయ్యడమే దాని పని, అది ఆ పని బాగానే చేస్తుంది.)

ఇక మన్నిక. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

తెనాలిలో ఒకాయన చిన్న కొట్లో ఫోన్లు బాగుచేస్తాడు. పండక్కి వెళ్ళినప్పుడల్లా ఓ గంట అక్కడ కూర్చుంటాను, మా ఆఫీసులో సగం మీటింగుల కన్నా ఎక్కువ నేర్చుకుంటాను. ఆయన దగ్గరికొచ్చే ఇయర్‌ఫోన్లలో శబ్దం పుట్టే డ్రైవరు చచ్చినవి దాదాపు ఉండవు. తీగ తెగినవే. అదీ ఎక్కడ? ఫోనులో గుచ్చే పిన్ను మెడ దగ్గర. అది కాకపోతే తీగ రెండుగా చీలేచోట. రాగి తీగని ఒకేచోట వేలసార్లు వంచితే తెగుతుంది, ఇందులో రహస్యమేం లేదు. ఆ మెడ దగ్గర అంగుళం పొడవు మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే వంపు ఒక్కచోట పడకుండా పంచుకుంటుంది. చాలావాటికి అక్కడ ఉండేది గట్టి ప్లాస్టిక్ అలంకారం. చూడ్డానికి తొడుగులా ఉంటుంది, వంగదు. అంటే వంపు మొత్తం దాని అంచున పడుతుంది, కత్తెరలా పనిచేస్తుంది. తీగకి అల్లిక తొడుగు వేసి 'టాంగిల్ ఫ్రీ' అని పెట్టె మీద రాసుకోవడం కాదు, ఆ అంగుళం సంగతి చూడాలి.

"బాగుచెయ్యడం ఎంతసేపన్నా?" అంటే ఆయన నవ్వాడు. "పని పది నిమిషాలు తమ్ముడూ. కానీ లోపల తీగ వెంట్రుకంత ఉంటుంది. దానిమీద రంగు లక్క పూత, ఎర్రది, ఆకుపచ్చది. అది కాల్చకపోతే సోల్డరు అంటుకోదు, ఎక్కువ కాలిస్తే తీగే పోతుంది. అరవై రూపాయలడిగితే కొత్తదే నాలుగొందలు కదా అంటారు." చూడండి తమాషా. వస్తువులో పోయింది పది రూపాయల పిన్ను. పారేసేది రెండు మంచి డ్రైవర్లు, రెండు అయస్కాంతాలు, ఒక మైకు.

మా తమ్ముడు నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఏడు కొన్నాడు. సగటున నాలుగొందలు వేసుకున్నా 2,800. తీగ ఊడదీసి మార్చుకునే రకం ఇరవై డాలర్లకే దొరుకుతున్నప్పుడు, ఒకటి కొని, మధ్యలో ఒకసారి విడి తీగ కొన్నా ఇంతకన్నా తక్కువే అయ్యేది. వాడికి ఈ లెక్క చెప్తే "ఒకేసారి రెండు వేలు ఎవరిస్తారన్నా?" అన్నాడు. అదీ నిజమే. పేదవాడికి చవక ఎప్పుడూ ఖరీదెక్కువే. కానీ నాలుగొందలదానికి కూడా ఆ అంగుళం రబ్బరు వెయ్యడానికి, పిన్ను నిలువుగా కాక ఎల్ ఆకారంలో వంచి పెట్టడానికి కంపెనీకి ఎంతవుతుంది? ఎల్ పిన్ను జేబులో వంగదు. ఈ రెండూ ఉన్నవి కూడా ఇదే ధరలో దొరుకుతున్నాయి, వెతికి కొనాలి అంతే. అడిగి కొనేవాడు లేడు కాబట్టి మిగతావాళ్ళు వెయ్యట్లేదు.

వారంటీ గురించి నన్ను అడగొద్దు. అడక్కపోయినా చెప్తాను. పేరు అనవసరంగానీ, ఒక కంపెనీ ఇయర్‌ఫోన్ అయిదో నెలలో కుడివైపు ఆగిపోయింది, ఏడాది వారంటీ ఉంది కదా అని ఫిర్యాదు పెట్టాను. బిల్లు పంపమన్నారు, పంపాను. ఫొటో పంపమన్నారు, పంపాను. మర్నాడు జవాబు: పిన్ను దగ్గర తీగ వంగి ఉంది, ఇది వినియోగదారుడు చేసిన భౌతిక నష్టం, వారంటీ వర్తించదు. తీగ వంగితే వారంటీ లేదట! జేబులో పెట్టుకునే వస్తువు వంగకుండా ఎలా ఉంటుంది స్వామీ? మన భాషలో చెప్పాలంటే 'వర్కింగ్ యాజ్ డిజైన్డ్', టికెట్ క్లోజ్డ్.

చెమట, ఉప్పు ఇంకో సంగతి. చెమటలో ఉప్పుంటుంది, సముద్రం పక్కన గాలిలోనూ ఉంటుంది. తొడుగు లోపలికి చేరితే రాగి ఆకుపచ్చగా మారుతుంది. పారదర్శకంగా ఉండే తొడుగుల్లో చెవి దగ్గర ఆ పచ్చదనం కళ్ళకి కనబడుతుంది కూడా. బాపట్లలో చదువుకునేటప్పుడు సాయంత్రం సూర్యలంకలో చెవిలో పెట్టుకుని నడిచి, వచ్చి అలాగే జేబులో కుక్కేవాళ్ళం. ఇంటికొచ్చి తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అయ్యే పని. ఫోను చుట్టూ బిగించి చుట్టడం కూడా మానాలి, వదులుగా వేళ్ళకి చుట్టి పెట్టుకుంటే చాలు.

వైర్‌లెస్ వాళ్ళు ఇక్కడ ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారని తెలుసు. తీగే లేదు, తెగేదేముంది అని. బాబూ, మీ గింజలో ఉన్నది కొన్ని పదుల ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ. రోజూ నింపి ఖాళీ చేస్తుంటే రెండు మూడేళ్ళలో దాని పని అయిపోతుంది. అతికించి మూసేసిన గింజ కాబట్టి మార్చే దారి ఉండదు. తీగ తెగితే తెనాలిలో అరవై రూపాయలకి బాగుచేసే మనిషైనా ఉన్నాడు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న వస్తువుల బ్యాటరీలు కూడా కొన్నవాళ్ళే మార్చుకునేలా ఉండాలని చట్టం చేసుకున్నారు. మనకి 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. నాలుగొందల ఇయర్‌ఫోన్ కోసం పోర్టల్‌కి వెళ్ళే మనిషిని నేనింకా కలవలేదు.

ఇక నక్షత్రాల విషయం. ఆన్‌లైన్లో ఏ చవక ఇయర్‌ఫోన్ తీసినా నాలుగుకి అటూ ఇటూ ఉంటుంది. కిందకెళ్ళి చదవండి. "ప్యాకింగ్ బాగుంది", "టైముకి వచ్చింది", "ఇప్పుడే తెరిచాను, సూపర్". పెళ్ళి భోజనం ఎలా ఉందంటే శుభలేఖ బాగుందని చెప్పినట్టుంది. వస్తువు మన్నిక గురించి మాట్లాడాల్సినవాడు ఆరో నెలలో మాట్లాడాలి, అప్పటికి వాడు కొత్తది ఆర్డరు పెట్టి దాని ప్యాకింగు బాగుందని రాస్తుంటాడు. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, వచ్చిన రోజు మెట్రిక్కూ ఆరునెలల మెట్రిక్కూ ఒకటి కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ నక్షత్రాల పేజీలు కట్టింది కూడా మనలో వాళ్ళే. ఆరు నెలలకి ఒక మెయిలు పంపి "ఇంకా పనిచేస్తోందా?" అని అడగడానికి ఎన్ని స్టోరీ పాయింట్లవుతాయి? అడగరు. జవాబు ఏం వస్తుందో వాళ్ళకి తెలుసు.

కిందటి సంక్రాంతికి రేపల్లె వెళ్ళాను. అక్కడ మా పెద్దమామయ్యకి అరవై దాటాయి. మధ్యాహ్నాలు పాత నాటకాలూ హరికథలూ ఫోన్లో వింటాడు. ఏదో ఖరీదైన ఫోను కొన్నప్పుడు ఉచితంగా వచ్చిన ఇయర్‌ఫోన్. "ఎడమవైపు ఆనట్లేదురా, చెవుడొస్తోందేమో" అన్నాడు, నవ్వుతూనే, కానీ ఆ మాట మూడోసారి అన్నాడు. విప్పి చూస్తే ఎడమ గొట్టం మీద జాలీ నిండా గులిమి గట్టిపడి ఉంది. ఇదొకటి, ఒకవైపు శబ్దం తగ్గగానే పోయిందని పారేసేవాటిలో ఎన్నో ఇలాంటివే. గొట్టం కిందకి ఉండేలా పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులిపితే సరిపోతుంది, పిన్నీసుతో పొడవకూడదు. అది శుభ్రం చేసి, ఎడమవైపు చిన్న టిప్పు పెడదామంటే పెట్టె ఎప్పుడో పోయింది. నా సంచిలో ఉన్నది ఒకటి తగిలించాను. మామయ్య వాల్యూమ్ పద్నాలుగో గీత నుంచి ఎనిమిదికి దించాడు. చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళమని బావకి చెప్పాను, అది వేరే సంగతి.

సాయంత్రం బజారులో మొబైలు కొట్టుకి వెళ్ళి విడిగా సిలికాన్ టిప్పులున్నాయా అని అడిగాను. గోడ నిండా ఇయర్‌ఫోన్లే, ఓ నలభై రకాలుంటాయి. బ్యాక్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, ఫోను వెనక అంటించే ఉంగరాలు, అన్నీ ఉన్నాయి. రబ్బర్లు మాత్రం లేవు. "అవి ఎవరడుగుతారు సార్? రబ్బరు పోతే కొత్తది కొనుక్కుంటారు" అన్నాడు. పది ప్యాకెట్లు తెప్పించి పెట్టు, అయిదు నేనే తీసుకుంటానన్నాను. కాసేపు నా మొహం చూసి, విజయవాడ హోల్‌సేల్ ఆయనకి అక్కడే ఫోన్ కొట్టాడు. "ఏ సైజు కావాలంటున్నాడు సార్?"

మూడు సైజులూ చెప్పమన్నాను.